ఆన్‌లైన్‌లో పెట్టడం సగం పనే
ఏడాది చివర స్కాలర్‌షిప్ విద్యార్థులు, తల్లిదండ్రులు సరిచూసుకోవాల్సిన విషయాలు

(ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో జరిగిన అవగాహన సమావేశంలో జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం. డిసెంబరు 2024)



తార్నాక మెట్రో దగ్గర దిగి వచ్చిన విద్యార్థులకు, పొద్దున్నే ఊళ్లో బస్సెక్కి వచ్చిన అమ్మలకు, నాన్నలకు నమస్కారం. ఇక్కడికి రాలేక ఈ పాఠాన్ని ఫోన్‌లో చదువుకుంటున్న మీకు కూడా.

1918లో ఈ యూనివర్సిటీ మొదలైనప్పుడు ఇంగ్లిషులో కాకుండా ఉర్దూలో చదువు చెప్పారు. దేశంలో ఒక భారతీయ భాషలో పై చదువులు చెప్పిన మొదటి యూనివర్సిటీగా దీనికి పేరుంది. చదువైనా, పథకమైనా అర్థమయ్యే భాషలో చెబితేనే మనిషికి అందుతుంది. మా ఆఫీసుల్లో ఆర్టీఎఫ్, ఎంటీఎఫ్ అని మేం మాట్లాడుకుంటూ పోతాం, మీరు తలూపి వెళ్లిపోతారు. అందుకే ఇవాళ విడమరిచి చెప్తాను.

ముందు నా సంగతి ఒకటి వినండి. నేనూ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే డిగ్రీ చదివాను. రెండో ఏడాది ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి దరఖాస్తు పెట్టాను, నంబరొచ్చింది, ఇక అయిపోయిందనుకున్నాను. కాగితాలు ప్రింట్ తీసి కాలేజీలో ఇవ్వాలని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఏడాది డబ్బులు రాలేదు. చివరికి కాలేజీలో మెమో కోసం పోతే, బాకీ కట్టి తీసుకుపొమ్మన్నారు. మా నాన్న పాలిచ్చే బర్రెను అమ్మి కట్టాడు. ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం ఇంట్లో చాయ్ నల్లగా పెట్టారు. అది నాకు ఇప్పటికీ గుర్తే. ఇక్కడ కూర్చున్న ఏ ఇంట్లోనూ అట్లా జరగొద్దని ఈ మాటలు.

రెండు రకాల డబ్బు

మొదటిది ఆర్టీఎఫ్, అంటే మీ కోర్సు ఫీజు. ఇది కాలేజీకి వెళ్తుంది. రెండోది ఎంటీఎఫ్, అంటే మీ తిండికీ, ఖర్చులకూ ఇచ్చేది. కాలేజీ ఫీజు మంజూరైనంత మాత్రాన మీ ఖాతాలో డబ్బు పడినట్టు కాదు. రెండింటి వివరాలూ ఈపాస్ వెబ్‌సైట్‌లో విడివిడిగా చూసుకోవాలి.

ఎవరికి వస్తుందంటే, ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షల రూపాయల లోపు ఉండాలి. బీసీ, ఈబీసీ, మైనారిటీ విద్యార్థులకైతే పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల లోపు. కాలేజీలో హాజరు 75 శాతం ఉండాలి. ఏడాది తప్పి అదే క్లాసు మళ్లీ చదివితే ఆ ఏడాదికి మళ్లీ ఇవ్వరు.

మేనేజ్‌మెంట్ కోటా సీటుకు, స్పాట్ అడ్మిషన్‌కు ఈ పథకం వర్తించదు. దూరవిద్యలో చదివేవారికీ వర్తించదు. ఈ క్యాంపస్‌లోనే ప్రొఫెసర్ జి. రామిరెడ్డి పేరిట దూరవిద్యా కేంద్రం ఉంది. అక్కడ చేరిన చాలామంది స్కాలర్‌షిప్ వస్తుందనుకుని మమ్మల్ని అడుగుతున్నారు. చదువు మంచిదే, చదవండి. కానీ ఈ డబ్బు వస్తుందన్న లెక్కతో చేరకండి. సీటు తీసుకునే ముందే "ఇది కన్వీనర్ కోటానా, స్పాటా?" అని నోరు తెరిచి అడగండి.

కాగితం నడిచే దారి

కొత్తగా చేరినవారు ఈపాస్‌లో దరఖాస్తు పెడతారు. తర్వాత మీసేవకు వెళ్లి వేలిముద్ర వేస్తారు. ఆ తర్వాత ప్రింట్ తీసి, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, మెమోలు, బ్యాంకు పాస్‌బుక్ నకలు జతచేసి కాలేజీలో ఇస్తారు. కాలేజీవాళ్లు సరిచూసి జిల్లా సంక్షేమ అధికారికి పంపుతారు. అక్కడ మంజూరయ్యాక బిల్లు ట్రెజరీకి వెళ్తుంది. పాతవారు రెన్యూవల్ చేయించుకోవాలి. అది దానంతటదే జరగదు.

ఈ దారిలో ఎక్కడ ఆగినా మీ ఫోన్ మోగదు. నా దరఖాస్తు కాలేజీ దగ్గరే ఆగింది, నాకు తెలిసేసరికి ఏడాది గడిచింది. అందుకే నెలకోసారి మీ దరఖాస్తు నంబరు కొట్టి ఎక్కడుందో మీరే చూసుకోవాలి.

ఈ వారంలో చేయాల్సిన పనులు

1. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, బ్యాంకు పాస్‌బుక్‌లో మీ పేరు ఒకేలా ఉందా చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంతో ఉన్నా చిక్కు వస్తుంది.

2. బ్యాంకుకు వెళ్లి ఖాతా నడుస్తోందా, ఆధార్ సీడింగ్ అయిందా అని అడగండి. చాలాకాలం వాడని ఖాతాను బ్యాంకు ఆపేస్తుంది.

3. ఆదాయ ధ్రువపత్రం పాతది పెట్టకండి. మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఆఫీసు నుంచి కొత్తది ఇస్తారు. దానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి రేపే వెళ్లండి.

4. కాలేజీలో కాగితాలు ఇచ్చినప్పుడు నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ నకలును ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపండి.

గడువు పొడిగిస్తారులే అని ఎవరైనా అంటే నమ్మకండి. పొడిగిస్తే మంచిదే. పొడిగించకపోతే ఆ మాట అన్న మనిషి వచ్చి మీ ఫీజు కట్టడు.

ఈ ఏడాది వచ్చిన మార్పులు

హాస్టళ్లలో, గురుకులాల్లో డైట్ చార్జీలు 40 శాతం పెరిగాయి. నెలకు ఒక్కో విద్యార్థికి 3 నుంచి 7వ తరగతి వరకు 950 ఉన్నది 1,330 అయింది. 8 నుంచి 10వ తరగతికి 1,100 ఉన్నది 1,540. ఇంటర్ నుంచి పీజీ వరకు 1,500 ఉన్నది 2,100. సబ్బు, నూనెలకు ఇచ్చే కాస్మెటిక్ చార్జీలు కూడా పెరిగాయి. 3 నుంచి 7వ తరగతి ఆడపిల్లలకు 55 రూపాయలు ఉండేది, ఇప్పుడు 175. డిసెంబరు 14న కొత్త ఉమ్మడి మెనూ మొదలైంది.

ఈ అంకెలు తల్లిదండ్రులకు ఎందుకు చెప్తున్నానంటే, ఈసారి పిల్లల్ని చూడ్డానికి హాస్టల్‌కు వెళ్లినప్పుడు గోడమీద మెనూ ఉందా చూడండి. ఆ రోజు ఏం వండారో పిల్లల్ని అడగండి. తేడా ఉంటే వార్డెన్‌ను అడగండి, అక్కడ తేలకపోతే జిల్లా సంక్షేమ అధికారికి రాసివ్వండి. అడగడం మీ హక్కు.

ఇంట్లో 4వ తరగతి చదివే పిల్లలుంటే, గురుకులాల్లో 5వ తరగతి ప్రవేశాలకు డిసెంబరు 21న దరఖాస్తులు మొదలయ్యాయి. గడువు 2025 ఫిబ్రవరి 1, పరీక్ష ఫిబ్రవరి 23. ఫీజు 100 రూపాయలు. పక్కింటివాళ్లకు కూడా చెప్పండి.

విదేశాల్లో పీజీ చదవాలనుకునేవారికి ఓవర్సీస్ విద్యానిధి ఉంది. ఎస్సీలకు అంబేడ్కర్ పేరిట, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరిట ఇస్తారు. కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు ఉంటే 20 లక్షల వరకు సాయం అందుతుంది. డిగ్రీలో 60 శాతం మార్కులు కావాలి. సీట్లు పరిమితం, ఎంపిక ఉంటుంది. కాబట్టి ఇది వస్తుందనే ధైర్యంతో ముందే అప్పు చేయకండి.

సివిల్స్ ప్రిలిమ్స్ పాసైన మన రాష్ట్ర అభ్యర్థులకు మెయిన్స్ కోసం లక్ష రూపాయల సాయం కూడా ఈ ఏడాదే మొదలైంది. దాని పేరు రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం.

మీరు అడగాలనుకుంటున్న ప్రశ్న

వెనక వరుసలో ఒక తమ్ముడు ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నాడు. ఏం అడుగుతాడో నాకు తెలుసు. "సార్, అన్నీ సరిగ్గా పెట్టాం. మంజూరైందని చూపిస్తోంది. డబ్బు మాత్రం రాలేదు. కాలేజీ సర్టిఫికెట్ ఇవ్వట్లేదు."

నిజమే. బకాయిలు ఉన్నాయి. వాటి కోసం కాలేజీలు మూసిన రోజులు కూడా ఈ ఏడాదే చూశాం. బకాయి ఎప్పుడు విడుదలవుతుందో తేదీ చెప్పే అధికారం నాకు లేదు, అబద్ధం చెప్పి పంపించలేను. కానీ మీరు చేయగలిగింది ఉంది. మంజూరైనట్టు ఈపాస్‌లో కనిపించే పేజీని ప్రింట్ తీసి ఉంచుకోండి. ఉద్యోగమో, పై చదువో చేజారే పరిస్థితి వస్తే ఆ ప్రింట్‌తో, చేరాల్సిన తేదీ ఉన్న కాగితంతో ప్రిన్సిపాల్‌కు రాసివ్వండి. వినకపోతే అవే కాగితాలతో జిల్లా సంక్షేమ అధికారి దగ్గరికి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి. నోటితో చెప్పి రాకండి, కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. మంజూరు పేజీ చేతిలో ఉంటే, తప్పు మీ వైపు లేదని చూపించగలరు. మా నాన్న ఆ రోజు కాలేజీకి వచ్చినప్పుడు నా చేతిలో ఏ కాగితమూ లేదు. ఆయన అడగడానికి కూడా ఏమీ లేకపోయింది.

మొన్న 15, 16 తేదీల్లో గ్రూప్-2 రాసి, ఇంకా తార్నాక గదుల్లోనే ఉండి చదువుకుంటున్న అన్నలు, అక్కలు మీలో చాలామంది ఉన్నారు. మీకు ఫారాలు నింపడం వచ్చు. మీ ఊరి పిల్లలకు రాదు. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఒక్క సాయంత్రం కూర్చుని నలుగురి దరఖాస్తులు ఎక్కడున్నాయో చూసిపెట్టండి. ఈ పీడీఎఫ్‌ను ఊరి గ్రూపులో వేయండి.

అమ్మా, అయ్యా, ఇంటికెళ్లాక పిల్లల్ని ఒక్కటే అడగండి. "కాలేజీలో కాగితాలు ఇచ్చావా? ముద్ర ఏదీ, చూపించు."