గర్భసంచి ఆపరేషన్ల కథ

పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లకి కూలి కిలోల లెక్కన. లేచి మరుగుదొడ్డికి వెళ్తే ఆ కాసేపటి కూలి పోయినట్టే. అందుకే బయట చేరిన రోజుల్లో పొద్దున పెట్టుకున్న గుడ్డతోనే సాయంత్రం దాకా కూర్చునేవాళ్లున్నారు. ఉతికిన గుడ్డ మగాళ్ల కంట పడకూడదని చీర కింద ఆరేస్తారు. అది ఎక్కడ ఎండుతుంది? దురద, తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి మొదలవుతాయి. చాలావరకు మందులతో తగ్గేవే ఇవి.

కానీ మన దగ్గర కథ మందులతో ఆగలేదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. చదువు లేని పల్లె ఆడవాళ్లే వీరిలో ఎక్కువ.

దీనికి పునాది కుటుంబ నియంత్రణ రోజుల్లోనే పడింది. ఇద్దరు పిల్లలు పుట్టగానే, ఇరవైల్లోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయేది. ఇక సంచితో పనేముంది, ఉంచితే కేన్సరవుద్ది అని ఇంట్లోవాళ్లూ అనేవారు, ఊరి ఆరెంపీ కూడా అనేవాడు.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది. తొలి మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. గుండె జబ్బుకి పొలం అమ్ముకునే కుటుంబాలకి అది ప్రాణం పోసింది, కాదనను. అయితే అది ఆసుపత్రిలో చేరితే డబ్బిచ్చే పథకం. నెలల తరబడి మాత్రలకీ, కూలి మానుకుని విజయనగరం ఘోషాసుపత్రికి తిరిగే బస్సు చార్జీలకీ అందులో చోటు లేకపోయింది. కోయించుకుంటే ఉచితం, కోయించుకోకపోతే ఖర్చు. ప్రైవేటు ఆసుపత్రుల్లో గర్భసంచి ఆపరేషన్లు పెరిగాయని గోల అయ్యాక, ప్రభుత్వం ఆరోగ్యశ్రీ కింద వీటిని సర్కారు ఆసుపత్రులకే పరిమితం చేసింది. ఈ ఆపరేషన్ల మీద నిఘా మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చెయ్యాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2023 ఏప్రిల్ వచ్చింది.

ఈలోగా, 2021 అక్టోబరులో స్వేచ్ఛ పథకం వచ్చింది. సర్కారు బడిలో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకి నెలకి 10 ప్యాడ్లు అన్నారు. మంచిదే. జీడి బట్టీలో కూర్చున్న తల్లి మాత్రం ఏ తరగతీ కాదు.

కేన్సరు వంటివాటికి ఆపరేషనే దిక్కు, సందేహం లేదు. తక్కినవాళ్లు ఒప్పుకునే ముందు డాక్టరుని అడగండి: మందులతో చూశారా? అండాశయాలు ఉంచుతారా? అవి కూడా తీసేస్తే వయసుకి ముందే ఎముకలు పలచబడతాయి. బరువులు మోసి బతికేవాళ్లకి ఆ నష్టం ఇంకా ఎక్కువ.