గాలివాన - మెట్టసీమ



తుఫాననగానే మనము సముద్రతీరమును తలంతుము. 1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్టణమున ఉప్పెన వచ్చి సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమ పొందిన దుఃఖమును పెద్దలెఱుగుదురు. రెండుమారులును గాలికంటె నీరే ఎక్కువమందిని చంపినది.

ఉప్పెన చింతలపూడికి రాదు, నిజమే. కాని తుఫాను తీరము దాటినంతనే చావదు. సముద్రపు తేమ అందక గాలి సన్నగిల్లును. మోసికొనివచ్చిన మేఘము మాత్రము మెట్టమీద కురియును. ఆ నీరు తమ్మిలేరు పట్టి ఏలూరు మీదుగా కొల్లేటికి దిగును. బుడమేరును, రామిలేరును అక్కడికే చేరును. ఇన్నిటికిని కడలికి త్రోవ ఉప్పుటేరొక్కటే! సముద్రము పోటుమీదనున్నపుడు అదియు సరిగా నీరు తీయదు. మనకు వాన వెలిసిన పిమ్మటనే లంకగ్రామములవారికి కష్టము మొదలగును.

కావున హెచ్చరిక విని "మనకేమి?" యనుట తగదు. నాగిరెడ్డిగూడెము జలాశయమునుండి నీరు వదలిన వార్త ముందుగా నందినచో దిగువవారు పశువులనైనను గట్టెక్కింతురు. ఈ గ్రంథాలయమున పత్రికల బల్లప్రక్కన నొక నల్లబల్ల నుంచి, తుఫాను దినములలో వానకొలతను, ఏటిమట్టమును పూటపూటకు వ్రాయవలెనని నా మనవి. సుద్దముక్కలు నేను తెచ్చి యిత్తును.