నొప్పిలేని పుండు



తేలు కుట్టినవాడు ఆ రాత్రియే వైద్యుని యింటికి పరుగెత్తును. పంటిపోటు వచ్చినవాడు తెల్లవారుదాక ఆగలేడు. నొప్పియే మనుష్యుని లేపి మందునకు నడిపించును. కాని తొలిదినములలో నొప్పి లేకయే వచ్చు వ్యాధి యొకటి కలదు. పెద్దలు దానిని రాచపుండు అనిరి. నేటివారు క్యాన్సరు అనుచున్నారు.

ప్రాచీనులు దీని నెరుగనివారు కారు. సుశ్రుతసంహిత నిదానస్థానమున అర్బుదమను పేర నొక గడ్డ వర్ణింపబడినది. అది గుండ్రనిది, కదలనిది, లోతుగా వేరూనినది, మెల్లగా పెరుగునది, చీముపట్టి పక్వము కానిది, నొప్పి స్వల్పముగా గలది. ఈ కడపటి లక్షణమే మనుష్యుని మోసగించుచున్నది.

శ్రీకాకుళము, విశాఖపట్నము తీరగ్రామములందు కొందరు స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని త్రాగుదురు. దీనిని అడ్డపొగ యందురు. ఆ వేడిమికిని పొగకును అంగిలి తెల్లబారును. పిదప ఎఱ్ఱని మచ్చలును పుండ్లును కలుగును. కొందరిలో అదియే క్యాన్సరుగా మారును. అవ్వ నాలుకతో తడిమి చూచుకొని, “మంట లేదు గదా, అదే మానును” అనుకొనును. కోడలు అడిగినచో, “ముసలిదానికి రోగము లేమి కొత్తవే?” యని మాట దాటించును. ఇట్లు నెలలు గడచును. నొప్పి పుట్టునాటికి వ్యాధి ఎముకకో, మెడలోని గ్రంథులకో ప్రాకియుండవచ్చును.

అప్పు తీసికొన్న దినమును వ్రాసికొనువారు పుండు కనబడిన దినమును వ్రాసికొనరు. వ్రాసికొనవలెను. నోటిలోని పుండుగాని, తెలుపు ఎరుపు మచ్చగాని రెండు వారములకు మానకున్నచో వైద్యునికి చూపవలెను. గొంతు బొంగురు మూడు వారములకును తగ్గకున్నను, మ్రింగునపుడు అడ్డు తగులుచున్నను, నోరు తెరచుట కష్టమైనను, కారణము లేకయే శరీరము చిక్కిపోవుచున్నను ఉపేక్షింపరాదు. రొమ్మునగాని, చంకనగాని, మెడయందుగాని గడ్డ చేతికి తగిలినను, ముట్లుడిగిన పిదప మరల రక్తము కనబడినను, దగ్గులోగాని మలములోగాని రక్తము పడినను గడువు పెట్టుకొనక వెంటనే పోవలెను. సిగ్గుచే దాచిన గడ్డ కరగిపోదు.

ఇవన్నియు క్యాన్సరే యని భయపడ నక్కరలేదు. పెక్కుసారులు కారణము చిన్నదియే యగును. ఆ మాట చెప్పవలసినవాడు వైద్యుడు గాని ఇరుగుపొరుగు కాదు. పరీక్షకై చిన్న ముక్క తీసినచో వ్యాధి వ్యాపించునను భయముతో పరీక్ష మానుకొనరాదు; ఆ పరీక్ష లేనిదే వ్యాధి నిర్ణయము కుదురుట కష్టము. ఇది అంటువ్యాధియు కాదు. రోగికి కంచము వేరుచేయ బనిలేదు. తొలిదశలో పట్టుబడినచో నయమగుటకు అవకాశము మిక్కిలి హెచ్చు.

తన చెల్లెలు ఈ వ్యాధిచే మరణించుట చూచిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి కృషివలన 1954లో మద్రాసు అడయారులో క్యాన్సరు ఆసుపత్రి వెలసినది. నేడు హైదరాబాదున ఎం.ఎన్.జె. సంస్థయు, విశాఖపట్నమున హోమీభాభా ఆసుపత్రియు కలవు. ముప్పదియేండ్లు దాటినవారికి నోటిని, రొమ్మును, గర్భాశయ ముఖమును పరీక్షించు పథకము ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములందు అమలగుచున్నది. దారి దగ్గరైనది, బయలుదేరుటయే ఆలస్యము.

ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. కాని అడ్డపొగ త్రాగు అవ్వలలో ఇచ్చటికి వచ్చి చదువువారు అరుదు. కావున ఇచ్చట చదివిన మనుమడో మనుమరాలో ఇంటికిపోయి, అవ్వను పగటి వెలుతురున అరుగుపై కూర్చుండబెట్టి, ఒకమారు నోరు తెరువుమని చూడవలెను. చుట్ట మానుమని బ్రతిమాలవలెను. మచ్చయో పుండో కనబడినచో గోడమీది క్యాలెండరులో ఆ తేదీకి గుర్తు పెట్టవలెను. రెండు వారములకును అది మానకున్నచో, అవ్వ వలదన్నను, చేయిపట్టుకొని వైద్యునికడకు తోడ్కొనిపోవలెను.