విత్తనాల గదిలో చెమ్మ
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



రైతులందరి విత్తనములను ఒక్క గదిలో దాచి, ఆ గదిని పంచాయతీ కనిపెట్టి యుండుట మంచి యేర్పాటే. కాని ఆ గదిలో చెమ్మ చేరినచో అది ఒక యింటి గాదె చెడినట్లు కాదు. తొలకరి నాటికి ఊరంతయు అంగడి విత్తనములకై అప్పు చేయవలసి వచ్చును.

బస్తాలపై బూజు కనబడగానే మనము మొదట కప్పును అనుమానింతుము. కొన్నిచోట్ల కప్పు కారుట నిజమే. కాని పెక్కు గదులలో నీరు బయటినుండి రాదు, బస్తాలతోనే వచ్చును. గింజకు ప్రాణమున్నది. అది శ్వాసించును, ఆ శ్వాసలో వేడిమియు, నీటి ఆవిరియు వెలువడును. పగలు రేకుల కప్పు కాలి, గదిలోని గాలి వేడెక్కి ఆ ఆవిరిని ఇముడ్చుకొనును. రాత్రి రేకు చల్లబడగానే ఆవిరి దాని అడుగున బిందువులై పై వరుస బస్తాలపై రాలును. తలుపు బిగించి తాళము వేసినంత మాత్రమున గది పొడిగా నుండదు. లోపలి తడి లోపలనే చిక్కుకొనును.

కావున అసలు పని కల్లములోనే జరుగవలెను. వరి విత్తనమున తేమ నూటికి 13 పాళ్లకును, వేరుసెనగ విత్తనమున 9 పాళ్లకును మించరాదు. తేమ కొలుచు యంత్రము లేనిచో పొడి గాజుసీసాలో గుప్పెడు ధాన్యము, చెంచాడు పొడి ఉప్పు వేసి, మూత పెట్టి బాగుగా కుదుపుడు. ఉప్పు గాజునకు అంటుకొన్నచో తేమ 15 పాళ్లకు పైబడినదన్నమాట. అంటలేదని తృప్తి పడరాదు. మరి రెండు ఎండలు చూపుట మేలు. గింజను పంట కొరికి చూచు పెద్దల అనుభవమును నేను తక్కువ చేయను గాని, ఒకరి పన్నును నమ్మి ఊరి విత్తనమును లోపల పెట్టరాదు.

మన పెద్దలు గాదెను రాళ్లపై ఎత్తుగా నిలిపిరి. సిమెంటు గది కట్టినంతనే ఆ సంగతి మరచితిమి. సిమెంటు నేలయు చెమ్మను పీల్చును. బస్తాలను చెక్కలపై, గోడకు మూరెడు ఎడముగా పేర్చవలెను.

గాలి ఆడవలెనని ముసురునాడు కిటికీలు తెరచుట మరియొక పొరపాటు. అప్పుడు లోనికి వచ్చునది తడిగాలియే. పొడి ఎండ కాయు పగటివేళ తెరచి, సాయంకాలము మూయవలెను. బూజు పట్టిన వేరుసెనగను తినరాదు, పశువులకును పెట్టరాదు; అందు అఫ్లటాక్సిన్ అను విషముండవచ్చును.

తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనో పంచాయతీలు తీర్మానించును. కిటికీ ఎవరు తెరువవలెనో తీర్మానించుట అరుదు. ఆ పేరును కూడ పుస్తకములో వ్రాయుడు. ముసురు విడిచిన మరునాడు ఆ మనిషి పై వరుస బస్తాలలో మోచేతి వరకు చేయి దూర్చి చూడవలెను. లోపల వెచ్చగా నున్నచో ఆ దినమే బస్తాలు విప్పి ఆరబోయవలెను.