పిల్లలకు ధ్యానం సరే, టీచర్ సంగతేంటి?

బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ జాబ్‌లో నిద్ర పోగొట్టుకుని, ధ్యానంతోనే మళ్లీ కుదుటపడ్డవాణ్ణి నేను. కాబట్టి ఈ ఎపిసోడ్‌లో ధ్యానాన్ని తిడతానని అనుకోకండి.

మా అమ్మ మార్కాపురం దగ్గర ఒక పల్లెలో ఎస్‌జీటీ. ఐదు తరగతులకూ ఆమె ఒక్కతే. పోయిన చలికాలం నేనే ఉత్సాహంగా ఆ బడికి వెళ్లి, పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని శ్వాసను గమనించమన్నాను. రెండు నిమిషాలు బాగానే ఉంది. తర్వాత మూడో తరగతి పాప ఒకతి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏమైంది తల్లీ అంటే, "కళ్లు మూసుకుంటే అమ్మ కనబడతాంది సార్" అంది. వాళ్లమ్మా నాన్నా మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయారు. పాప అవ్వ దగ్గర ఉంటోంది. గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు ఇలాంటి ఇళ్లు ఎన్నున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. నాకు నోట మాట రాలేదు. అమ్మే వచ్చి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018 జులైలో హ్యాపీనెస్ కరిక్యులమ్ మొదలైంది. మన దగ్గరా ఆనందవేదిక వచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ బ్రిటన్‌లో మిరియడ్ అని ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 85 బడులు, 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు 8 వేలమందికి పైగా. 2022లో ఫలితాలు వచ్చాయి. మామూలు పాఠాలు విన్న పిల్లలకంటే, మైండ్‌ఫుల్‌నెస్ నేర్చుకున్నవాళ్లకు అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు. టీచర్లలో మాత్రం అలసట, విసుగు కొంత తగ్గాయి. వాళ్లు మన ప్రైమరీ పిల్లలకంటే పెద్దవాళ్లు, నిజమే. అయినా నాకు వెంటనే అమ్మ గుర్తొచ్చింది.

ఆమె పొద్దున ఎలా ఉంటుందంటే: హాజరు యాప్, భోజనం ఫొటోలు, సిగ్నల్ కోసం గేటు దగ్గర ఫోన్ పైకెత్తి నిలబడటం. ఈలోపు ఒకటో తరగతి వాడు పలక పగలగొట్టుకుంటాడు. అలాంటి మనిషి చేతికి ఇంకో పీరియడ్ ఇచ్చి "పిల్లలకు ప్రశాంతత నేర్పండి" అంటే ఎలా అండి?

ఇప్పుడు అమ్మ బెల్లుకు పది నిమిషాల ముందు వేపచెట్టు కింద ఊరికే కూర్చుంటోంది. ఎవర్నీ పిలవదు. ముందొచ్చిన పిల్లలు వాళ్లంతట వాళ్లే పక్కన చేరతారు. కళ్లు మూసుకోమని ఎవరికీ చెప్పదు. ఆ పాప కళ్లు తెరిచే కూర్చుంటుంది, అమ్మ చీర కొంగు పట్టుకుని.

చూస్తున్నవాళ్లలో టీచర్లు ఉంటే, మీ బడిలో పొద్దున మొదటి పది నిమిషాలు ఎలా గడుస్తాయో రాసి పంపండి. అమ్మకు చదివి వినిపిస్తాను.