అడగకుండానే అందే చెయ్యి



పట్టభద్రులారా, త్వరలో మీ చేతికి నియామక పత్రం వస్తుంది. మీ పనేమిటో అందులో రాసి ఉంటుంది. అయితే ఆ కాగితంలో రాసిన పనులతోనే ఏ సంస్థా నడవదు. కొత్తగా చేరినవాడికి పని నేర్పడం, సెలవులో ఉన్నవాడి ఫైలు ఆగిపోకుండా చూడడం ఎవరి జీతంలోనూ లేవు. డెనిస్ ఆర్గాన్ అనే అమెరికా ఆచార్యుడు 1988లో ఇలా అడగకుండా చేసే పనులమీద ఒక పుస్తకమే రాశారు. మన కొత్తపట్నం చుట్టుపక్కల పుట్టినవాళ్లకు ఇది తెలియనిదేం కాదు. మిరప కల్లాల మీద మబ్బు పట్టిందంటే, తన కాయలు కప్పుకున్న రైతు ఊరుకోడు. బరకం పట్టుకుని పక్క కల్లంలోకి పరుగెడతాడు.

మరి ఆ రైతు బిడ్డే ఆఫీసులో ‘అది నా పని కాదు’ అని ఎందుకంటాడు? చాలాసార్లు తప్పు అతనిది కాదు, పై అధికారిది.

నడిపించేవాడు ఎలా ఉండాలో చెప్పడానికి మనకు దగ్గర్లోనే చీరాల ఉంది. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని చీరాల, పేరాల జనం ఊళ్లే ఖాళీ చేశారు. సుమారు 13 వేలమంది ఊరి బయట రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని 11 నెలలున్నారు. వాళ్లను నడిపించింది ఎడింబరోలో చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన కూర్చిన రామదండు అనే స్వచ్ఛంద దళంలో చేరినవాళ్లకు జీతాల్లేవు. హుకుం జారీచేసే అధికారమూ ఆయనకు లేదు. అధికారం, పోలీసులు, జైళ్లు అన్నీ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. అయినా జనం ఆయన మాటే విన్నారు. ఆయన పాటతో, చమత్కారంతో విషయం విడమరిచి చెప్పారు, వాళ్లలో ఒకరిగా మెలిగారు. ఆ ఏడాదే ఆయన్ను జైల్లో పెట్టినా జనం వెంటనే ఇళ్లకు మళ్లలేదు. చివరికి తిరిగి రాక తప్పలేదు, నిజమే. కానీ నాయకుడు ఎదుట లేకపోయినా నిలిచిన ఆ నెలలే నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తాయి.

ఒక హెచ్చరిక. మనసుతో చేసే సాయాన్ని హక్కుగా వసూలు చేస్తే అది వెట్టిచాకిరీ అవుతుంది. ఆదివారం రమ్మని ఒత్తిడిచేసి, దానికి స్వచ్ఛందమని పేరు పెట్టకండి. ప్రమోషన్ల దగ్గర తనవాళ్లను చూసుకునే అధికారి కింద ఎవరూ పక్కవాడికి చెయ్యి అందించరు.

మీ కింద నలుగురు పనిచేసే రోజు వస్తుంది. వాళ్ల కష్టాన్ని నలుగురిలో చెప్పండి. రేటింగులు రాసేటప్పుడు న్యాయం తప్పకండి. ఆలస్యమైన రాత్రి వాళ్లతోపాటు మీరూ కూర్చోండి.