తిట్లు తిన్న ఆల్బమే క్లాసిక్ అయింది: స్లోడైవ్ ‘సువ్లాకీ’ కథ

సినిమాకి వెళ్లే ముందు రేటింగ్ చూస్తాం. పాట వినే ముందు కామెంట్లు చూస్తాం. ఎవరో బాలేదన్నారంటే అసలు ప్లే బటనే నొక్కం. అలాంటివాళ్ల కోసమే ఈ రోజు ఎపిసోడ్.

ఇంగ్లండ్‌లో రెడింగ్ అనే ఊరి బ్యాండ్ స్లోడైవ్. వాళ్ల రెండో ఆల్బమ్ ‘సువ్లాకీ’ 1993లో వచ్చింది. దీన్ని షూగేజ్ అంటారు. గిటార్ వాయించేవాళ్లు కాళ్ల దగ్గరున్న ఎఫెక్ట్ పెడల్స్ తొక్కుతూ కిందికే చూస్తుంటారు కదా, బూట్లు చూసుకుంటున్నారని పత్రికలవాళ్లు వెక్కిరిస్తూ పెట్టిన పేరు అది. ఈ సంగీతంలో గిటార్ మోత పొగమంచులా కమ్ముకుంటుంది. గొంతు ఆ మంచులోంచి సన్నగా వినిపిస్తుంది, మాటలు సగమే అర్థమవుతాయి.

ఈ ఆల్బమ్ వెనక నిజమైన బాధ ఉంది. బ్యాండ్‌లో పాడే నీల్ హాల్‌స్టెడ్, రేచల్ గోస్వెల్ ఒకప్పుడు ప్రేమికులు. విడిపోయారు, కానీ బ్యాండ్ వదల్లేదు. నీల్ కొన్నాళ్లు వేల్స్‌లో ఒంటరిగా ఉండి పాటలు రాసుకొచ్చాడు. ‘సువ్లాకీ స్పేస్ స్టేషన్’ వింటే అంతరిక్షంలో తేలుతున్నట్టే ఉంటుంది. చివరి పాట ‘డాగర్’ దగ్గరికొచ్చేసరికి ఆ మంచంతా విడిపోతుంది. దాదాపు ఒక్క గిటారే మిగులుతుంది. రెండు పాటలకి బ్రయాన్ ఈనో లాంటి పెద్దాయన కూడా చేయి వేశాడు.

మరి విమర్శకులు ఏమన్నారు? ‘మెలడీ మేకర్’ పత్రికలో ఒకాయనైతే, ఓట్స్ జావ నింపిన తొట్టిలో మునిగి చస్తాను గానీ దీన్ని మళ్లీ వినను అన్నంత పని చేశాడు!

ఎందుకంత కోపం? అప్పటికి గాలి మారింది. సూటిగా, గట్టిగా పాడే బ్యాండ్లు కావాలనుకుంటున్నారు. స్లోడైవ్ కంపెనీ క్రియేషన్ రికార్డ్స్ దృష్టిలో పడ్డ ఒయాసిస్ కూడా ఆ 1993లోనే దొరికింది. పాటల్లో స్పష్టత లేదన్న విమర్శలో కొంత నిజం ఉంది, కాదనను. కానీ ఆ స్పష్టత లేకపోవడమే ఈ ఆల్బమ్ ప్రాణం. విడిపోయినవాడి మనసు స్పష్టంగా ఉంటుందా చెప్పండి?

నష్టం మాత్రం నిజంగానే జరిగింది. 1995లో మూడో ఆల్బమ్ రాగానే కంపెనీ వీళ్లని కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టేసింది. బ్యాండ్ ఆగిపోయింది.

కానీ పాటలు ఆగలేదు. ఒకరు ఇంకొకరికి వినిపిస్తూ, తర్వాత ఇంటర్నెట్ ద్వారా పాకాయి. 2014లో బ్యాండ్ మళ్లీ స్టేజి ఎక్కింది. 2016లో పిచ్‌ఫోర్క్ 50 గొప్ప షూగేజ్ ఆల్బమ్‌ల లిస్టులో ‘సువ్లాకీ’కి రెండో స్థానం ఇచ్చింది. మన దగ్గర బ్యాన్ అయిన టిక్‌టాక్‌లో బయటి దేశాల పిల్లలు ఈ పాటల్ని మళ్లీ పట్టుకున్నారు. 2023లో వచ్చిన కొత్త ఆల్బమ్ బ్రిటన్ టాప్ 10లోకి వెళ్లింది.

గమనించారా? 1993 నాటి ఆ పాటల్లో ఒక్క సుర కూడా మారలేదు. మారింది వినేవాళ్లు. రివ్యూ చదవొద్దని కాదు, చదవండి. కాకపోతే అది ఆ ఒక్క మనిషి, ఆ ఒక్క వారం చెప్పిన మాట. తీర్పు మాత్రం మీ చెవులకే వదిలేయండి.

ఈ రాత్రి లైట్లు ఆపేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ‘అలిసన్’తో మొదలుపెట్టండి. నచ్చకపోతే నచ్చలేదనే కామెంట్ పెట్టండి, పర్లేదు. కానీ విన్నాకే పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!